ఆరు సెంటీమీటర్ల మహాకాయం

ఫిబ్రవరి

గాచా యంత్రంలోంచి రాలిన రోబో బొమ్మ చూసేవాళ్ళ కంటికి 18 మీటర్ల ఎత్తున నిలబడాలి. ఈ డైరీ మొదలుపెట్టింది ఆ ఒక్క పని కోసమే. సెట్లు పూర్తిచేసి వరసగా పేర్చుకోవడం చాలామందికి సరదా. నాకు అంత ఓపికా లేదు, అంత చోటూ లేదు. నిషి కసాయిలో అద్దె ఇళ్ళ వైశాల్యం గురించి టోక్యోలో ఉన్న తెలుగువాళ్ళు ఎవరిని అడిగినా చెబుతారు. నన్ను పట్టి పీడిస్తున్నది వేరే. అంత పెద్ద యంత్రాన్ని అరచేతిలో ఇమిడేంత చేసి అమ్ముతున్నారు, సరే. కుదించినప్పుడు పోయిన ఆ భారీతనాన్ని తిరిగి రాబట్టడం ఎలా?

ఈ లోకంతో పరిచయం లేనివాళ్ళకు నాలుగు ముక్కలు. గాచా అంటే నాణెం వేసి పిడి తిప్పితే ప్లాస్టిక్ డబ్బీలో (క్యాప్సూల్) బొమ్మ రాలిపడే యంత్రం. ఇవి 1965లో అమెరికా నుంచి జపాన్‌కు వచ్చాయి. 1977లో బొమ్మల కంపెనీ బందాయ్ ఈ వ్యాపారంలోకి దిగింది. 1979లో టీవీలో భారీ రోబోల కార్టూన్ కథ గండామ్ మొదలైంది. మరుసటి ఏడాది దాని ప్లాస్టిక్ కిట్లు వచ్చాయి. 1985లో పెద్ద తల, పొట్టి కాళ్ళతో ఎస్‌డీ గండామ్ బొమ్మలు క్యాప్సూళ్ళలో దిగాయి. భారీ రోబోలు అప్పటినుంచి గాచాను వదల్లేదు. ఇకెబుకురోలో సన్‌షైన్ సిటీలోని ఒక్క దుకాణంలోనే 3,010 యంత్రాలున్నాయని 2021లో గిన్నిస్ రికార్డు ఇచ్చారు. అంత వెలుతురులో, అంత శుభ్రమైన నడవల్లో నాకు ఎందుకో బొమ్మలు కొనబుద్ధి కాదు. అకిహబారాలో గచాపోన్ కైకాన్ ఉంది. ఇరుకు. ఇద్దరు ఎదురుపడితే ఒకరు పక్కకు ఒరగాలి. నా చిల్లరంతా అక్కడే ఖర్చవుతుంది.

చిల్లర ఎంత ఖర్చవుతుందో ముందే లెక్క వేసుకోవడం మంచిది. ఒక వరుసలో 6 రకాలున్నాయి, ఏది పడే అవకాశమైనా సమానం అనుకుందాం. ఆరూ చేతికి రావాలంటే సగటున 14.7 సార్లు తిప్పాలి. 300 యెన్ల చొప్పున 4,410 యెన్లు. అందులో ఆఖరి ఒక్కదానికే సగటున 6 సార్లు పడుతుంది. నిజానికి యంత్రంలోంచి తీసింది తిరిగి లోపలికి పోదు, నింపేటప్పుడు రకాలు కలిపే నింపుతారు, కాబట్టి ఖర్చు ఇంత ఉండదు. అయినా ఆ ఆఖరి బొమ్మ మాత్రం మనిషిని పిచ్చివాణ్ణి చేస్తుంది. నా పద్ధతి తేలిక. కావలసిన బొమ్మను నకానో బ్రాడ్‌వేలో పాత బొమ్మలమ్మే గాజు బీరువాల్లో విడిగా కొంటాను, ఒక్కోసారి క్యాప్సూల్లో వచ్చిన మడత కాగితంతో సహా దొరుకుతుంది. గాచా తిప్పేది సరదాకి. అందులో వచ్చే రెండో కాపీలు, మూడో కాపీలు ప్రయోగాలకు. సెట్లు కట్టేవాళ్ళకు తలనొప్పి అయిన నకళ్ళు నాకు ముడిసరుకు.

మార్చి

ముందు ఏరివేత. ఎస్‌డీ బొమ్మలన్నీ వేరే డబ్బాలోకి పోయాయి. ముద్దుగా ఉంటాయి, కాదనను. కానీ ఒంటికి తల పెద్దదైతే కన్ను దాన్ని పసిపిల్ల లెక్కన చూస్తుంది, ఎంత రంగు పూసినా మహాకాయం కాదు. మనిషి కొలతలకు దగ్గరగా ఉన్న గండామ్ ఒకటి, ఆ కథలోనే శత్రుపక్షపు రోబో అయిన ఆకుపచ్చ జాకు ఒకటి, కొన్ని ట్యాంకులు మిగిలాయి.

ట్యాంకులు నా దగ్గరకు వేరే దారిలో వచ్చాయి. 2002లో టకారా, కైయోడో అనే బొమ్మల కంపెనీలు కలిసి 1/144 కొలతలో, అంటే అసలు దానిలో 144వ వంతుగా, ట్యాంకుల వరుస ఒకటి తెచ్చాయి. అవి క్యాప్సూల్లో కాదు, మిఠాయితో పాటు చిన్న అట్టపెట్టెలో వచ్చేవి. ఏ పెట్టెలో ఏముందో తెరిచేదాకా తెలియదు కాబట్టి జాతి ఒకటే. నా టైగర్, రెండో ప్రపంచ యుద్ధపు జర్మన్ ట్యాంకు, అందులోదే, పాత సామాను దుకాణంలో దొరికింది.

క్యాప్సూల్లో నెలల తరబడి మడుచుకుని పడుకున్న బొమ్మకు తుపాకీ వంగి ఉంటుంది, కాళ్ళు దొడ్డికాళ్ళలా అయిపోతాయి. మెత్తటి పీవీసీ భాగాలను 70 డిగ్రీల నీళ్ళలో కాసేపు ముంచి, వేళ్ళతో సరిచేసి, వెంటనే చల్లటి నీళ్ళలో పడేస్తే ఆ ఆకారంలోనే బిగుసుకుంటాయి. వంగిన గొట్టాన్ని కాస్త అవతలి వైపుకే వంచి వదలాలి, ఎంతో కొంత వెనక్కి వస్తుంది. ఆ తర్వాత గిన్నెలు తోమే సబ్బు నీళ్ళు, పాత టూత్‌బ్రష్. అచ్చులోంచి ఊడిరావడానికి పూసిన జిడ్డు పోకపోతే రంగు పట్టదు.

పాత బొమ్మలు కొన్ని చేతికి బంకగా తగులుతాయి. పీవీసీని మెత్తగా ఉంచే రసాయనం కాలం గడిచేకొద్దీ పైకి ఊరుతుంది. అదీ సబ్బుతోనే పోతుంది, కానీ మళ్ళీ ఊరుతుంది. అలాంటి వాటిని గట్టి పాలీస్టైరిన్ కిట్ల మీద ఆనించి ఉంచకండి. ఆ రసాయనం తగిలిన చోట గట్టి ప్లాస్టిక్ కరిగి గుంట పడుతుంది.

సింకులో ఇవన్నీ నానుతుంటే మా ఆవిడ వచ్చి గండామ్‌ను ఒక చేత్తో, టైగర్‌ను ఒక చేత్తో పట్టుకుని పక్కపక్కన పెట్టి చూసింది.

“ఏమండీ, ఈ రోబో ట్యాంకంతే ఉందేమిటి? ఇది పెద్దదన్నారుగా?”

అదీ అసలు ప్రశ్న. స్కేలు తెచ్చి కొలిచాను. గండామ్ 6 సెంటీమీటర్లు. 18 మీటర్లను 6 సెంటీమీటర్లు చేశారంటే 1/300. టైగర్ పొడవు గొట్టంతో కలిపి 8.45 మీటర్లు, 1/144లో అది 58.7 మిల్లీమీటర్లు. అంటే సగం కూడా లేని ట్యాంకు, రోబో నిలువెత్తుకు రెండు మిల్లీమీటర్ల దూరంలోకి వచ్చేసింది. ఇవి రెండూ ఒకే బల్లమీద ఉన్నంతకాలం ఆరు సెంటీమీటర్ల బొమ్మ బొమ్మే.

ట్యాంకును పక్కన పడేయవచ్చు. కానీ నాకు రెండూ కావాలి.

ఏప్రిల్

టోక్యో తీరంలోని ఒడైబా వెళ్ళి నిలువెత్తు యూనికార్న్ గండామ్‌ను చూసివచ్చాను. 2017లో డైవర్‌సిటీ అనే మాల్ ముందు నిలబెట్టిన విగ్రహం, ఎత్తు 19.7 మీటర్లు. అందరూ మొహాన్నీ కొమ్మునూ ఫోటో తీస్తుంటే నేను పాదాల చుట్టూ తిరిగాను. అది పెద్దదని కన్ను ఎలా తేల్చుకుంటుందో చూడటమే నా పని.

ఒకటి, మన కంటి ఎత్తు దాని చీలమండ దాటదు. తల ఎక్కడో పైన, ఉండవలసిన దానికంటే చిన్నదిగా ఉంటుంది. మనం బల్లమీది బొమ్మను ఎప్పుడూ పైనుంచి చూస్తాం, హెలికాప్టర్లో వచ్చినవాళ్ళలా. రెండు, ఒంటి మీది హెచ్చరిక రాతలు. కాలి పలక మీద ఉన్న అక్షరాలు చదవాలంటే దగ్గరికి పోవాలి, అప్పటికి ఆ పలక మన నిలువెత్తును మించిపోయి ఉంటుంది. మూడోది అన్నిటికంటే ముఖ్యం, మనుషులు. చుట్టూ కట్టిన కంచె, దాన్ని ఆనుకుని ఐస్‌క్రీం తింటున్న పిల్లాడు. ఆ పిల్లాణ్ణి చేత్తో మూసి చూస్తే విగ్రహం సగానికి సగం కుంచించుకుపోయింది.

దృశ్యం ఏమిటో కూడా అక్కడే తేలింది. 1942లో యుద్ధానికి దిగిన టైగర్ పక్కన గండామ్ ఎందుకుంటుంది? ఆరుబయట మ్యూజియం అయితే ఉంటుంది. ఇంగ్లండులో బావింగ్టన్ ట్యాంకు మ్యూజియంలో, 1943లో ట్యునీషియాలో పట్టుబడిన టైగర్ 131 ఇప్పటికీ నడుస్తోంది, జనం కంచె అవతల నిలబడి చూస్తారు. అలాంటి ఆవరణ ఒకటి కడతాను. ముందు ట్యాంకు, వెనక రోబో, రెండిటి దగ్గరా సందర్శకులు. పేలుళ్ళూ పొగలూ అక్కర్లేదు. ఆగి ఉన్న యంత్రమే ఎక్కువ బరువుగా కనిపిస్తుంది.

మే

ఇక ఆ ఆవరణను లోపల కట్టే పెట్టె. నెలంతా దీనికే పోయింది, ఈ ప్రాజెక్టులో ప్రాణం కూడా ఇదే.

1/144 బొమ్మను 30 సెంటీమీటర్ల నుంచి ఒంటికన్నుతో చూస్తే, అసలు ట్యాంకును 43.2 మీటర్ల నుంచి చూసినట్టు ఉంటుంది. 30ని 144తో గుణించడమే. 1/300 రోబోను 45 సెంటీమీటర్ల నుంచి చూస్తే 135 మీటర్ల నుంచి చూసినట్టు. అంటే పెట్టెలో రోబోను ట్యాంకు వెనక 15 సెంటీమీటర్ల దూరంలో పెడితే, కన్ను ఆ దూరాన్ని 90 మీటర్ల పైచిలుకుగా నమ్మాలి. నమ్మితే రెండు కొలతలూ ఒకే లోకంలోకి వస్తాయి. ట్యాంకు కంటే రోబో ఆరింతలు ఎత్తు, మూడింతల దూరంలో ఉంది కాబట్టి చిత్రంలో రెండింతలుగా కనిపిస్తుంది. మిగతాది చూసేవాడి బుర్ర పూరిస్తుంది.

నమ్మించాలంటే నేల సహకరించాలి. మనిషి కన్ను నేలకు 1.6 మీటర్ల ఎత్తులో ఉంటుందనుకుంటే, ట్యాంకు దగ్గర నేల ఆ చూపు గీతకు 11 మిల్లీమీటర్లు కింద ఉండాలి, రోబో దగ్గర 5.3 మిల్లీమీటర్లే. అంటే నేల వెనక్కి పోయేకొద్దీ దాదాపు 6 మిల్లీమీటర్లు పైకి లేవాలి. బల్లపరుపు నేల వేసి ముందు ప్రయోగం చేశాను, నకలు జాకును నిలబెట్టి. ట్యాంకుకు సరిగ్గా వెనకే బొమ్మ ఉన్నట్టు కొట్టొచ్చినట్టు తెలిసిపోయింది. అదే నేల కింద ఫోమ్ బోర్డు ముక్కలు మెట్లుగా వేసి, పైన పలచటి అట్ట పరిచి వాలు తెచ్చాక జాకు పాదాలు దూరం జరిగాయి. ఆరు మిల్లీమీటర్లు ఇంత పని చేస్తాయని కళ్ళారా చూడకపోతే నమ్మేవాణ్ణి కాదు.

కన్ను 11 మిల్లీమీటర్ల ఎత్తులో పెట్టడం ఎలా? ఫోన్‌ను తలకిందులు చేశాను. కెమెరా కటకం అంచుకు దగ్గరగా ఉంటుంది కాబట్టి తలకిందులైతే నేలను తాకేంత కిందికి వస్తుంది. ఇంకా రెండు మిల్లీమీటర్లు తగ్గాలి, పెట్టె ముందు అంచుకు సన్నటి గాడి కోసి ఫోన్ అందులో దించాను. పెద్ద కెమెరాతో తీస్తే బాగుంటుందేమో అని ఒక మిత్రుడు అన్నాడు. కాదు. పెద్ద సెన్సర్‌తో ఇంత దగ్గరి నుంచి తీస్తే ముందున్నది స్పష్టంగా, వెనకది మసకగా వస్తుంది, ఆ మసకే ఇది బుల్లి వస్తువని చెప్పేస్తుంది. ఫోన్‌లో చిన్న సెన్సర్ కాబట్టి ముందూ వెనకా చాలావరకు స్పష్టంగా ఉంటాయి. ఈ ఒక్క పనికి మాత్రం చవక పరికరమే మేలు.

మట్టికి వాడేసిన టీ పొడి. ఎండబెట్టి, పలచని జిగురు పూసిన నేల మీద చల్లాలి. పూర్తిగా ఎండకపోతే బూజు పడుతుంది, వానలు మొదలయ్యేలోగా ఈ పని ముగించాలి. ఇందులోనూ కొలత ఉంది. అర మిల్లీమీటరు రేణువు ట్యాంకు దగ్గర 7 సెంటీమీటర్ల రాయి, రోబో దగ్గర అదే 15 సెంటీమీటర్ల బండ. అందుకని ముందు వైపు ఉన్నది ఉన్నట్టు, వెనక్కి పోయేకొద్దీ జల్లెడ పట్టిన పొడి. మా ఆవిడ టీ జల్లెడ కొత్తది కొనిపించుకుంది.

మనుషులు. ట్యాంకు దగ్గరికి జపాన్ రైలు మోడళ్ళ మనుషులు సరిపోతారు. ఇక్కడ ఎన్ గేజి అనే చిన్న రైళ్ళ కొలత 1/150, మనిషి 11 మిల్లీమీటర్లు, అర మిల్లీమీటరు తేడా ఎవరికీ పట్టదు. రోబో కాళ్ళ దగ్గర మనిషి 5.7 మిల్లీమీటర్లు ఉండాలి. వాళ్ళను నేనే చేశాను. సన్నటి రాగి తీగను మధ్యకు మడిస్తే రెండు కాళ్ళు, మడత దగ్గర జిగురు చుక్క తల, నడుమున ఇంకో చుక్క చొక్కా. మొహాలు అక్కర్లేదు. ఒకరి భుజాలు ఒకరి వైపు తిరిగి ఉంటే చాలు, మాట్లాడుకుంటున్నట్టు ఉంటుంది. ఒకణ్ణి మాత్రం తల వెనక్కి వంచి పైకి చూస్తున్నట్టు పెట్టాను. అతణ్ణి పెట్టిన మరుక్షణం గండామ్ పెరిగింది.

జూన్

వానాకాలం. టోక్యోలో ఈ నెలన్నర గాలి పిండితే నీళ్ళు కారేలా ఉంటుంది. ఇలాంటప్పుడు లాకర్ స్ప్రే కొడితే పూత పాలిపోయి తెల్లబారుతుంది. అందుకే అంతా నీళ్ళ రంగులు, కుంచె, మూసిన గది.

రంగు కంటే ముందు డ్రిల్లు. జాకు తుపాకీ కొన మూసుకుపోయిన చిన్న బొడిపె. చేతి డ్రిల్లుకు 0.5 మిల్లీమీటర్ల ముల్లు బిగించి, ముందు సూదితో నడిమధ్యన ఒక చుక్క గుచ్చి, ఆ చుక్కలో ముల్లు నిలిపి రెండు వేళ్ళతో తిప్పాను. సన్నటి చుట్టలుగా ప్లాస్టిక్ పైకి వస్తుంది. మిల్లీమీటరు లోతు చాలు. లోపల నల్ల రంగు చుక్క. ఇంత చేసేసరికి అది పిల్లల బొమ్మ తుపాకీ కాదు. ఈ వ్యాసంగంలో పది నిమిషాల శ్రమకు ఇంత ఫలితం ఇచ్చే పని ఇంకొకటి లేదని నా అభిప్రాయం.

పలకల మధ్య గాళ్ళలోకి పలచటి ముదురు రంగు దింపడానికి చాలామంది ఎనామెల్ వాడతారు, తుడిచేయడం సులువని. బొమ్మల కీళ్ళు తరచు ఏబీఎస్ ప్లాస్టిక్. నకలు జాకు మోకాలి మీద ఎనామెల్ థిన్నర్ ఒక్క చుక్క వేసి వదిలేశాను, ఏమవుతుందో చూద్దామని. తెల్లారేసరికి కీలు పగిలి ఉంది. పీవీసీ మీదైతే ఇంకో తంటా, ఎనామెల్ అసలు ఆరదు, జిగటగానే ఉండిపోతుంది. నీళ్ళ రంగుతో చేసిన పూత తుడవడానికి మొరాయిస్తుంది, అయినా అదే వాడాను. గాళ్ళకు నలుపు వద్దు. 135 మీటర్ల దూరంలో నల్లటి గీతలు కనిపించవు, ఒంటి రంగుకే కాస్త ముదురు రంగు చాలు.

గండామ్ నీలం, ఎరుపు, పసుపు ఫ్యాక్టరీ నుంచి మిఠాయి రంగుల్లో వస్తాయి. అన్నిటిలోనూ లేత బూడిద రంగు కలిపి వెలిసిపోయేలా చేశాను, పైకి పోయేకొద్దీ ఇంకాస్త ఎక్కువ. నిజానికి వంద మీటర్లకే గాలి ఇంత రంగు తినదు. కానీ దూరం అంటే వెలిసిన రంగు అని కంటికి అలవాటు, ఆ అలవాటును వాడుకోవడంలో తప్పులేదు. ట్యాంకుకు మాత్రం కలపలేదు. దాని మీద పొడి కుంచెతో అంచులకు మాత్రం లేత రంగు తగిలించాను.

చివరి పూత మెరుపు లేనిది. చిన్న వస్తువు మీద మెరిసే చుక్క పెద్దదిగా కనిపిస్తుంది, పరిమాణం బయటపడిపోతుంది.

ఖాళీ క్యాప్సూళ్ళు రంగు కలుపుకునే గిన్నెలయ్యాయి. మూతది ఒక రంగు, అడుగుది ఒక రంగు. మిగిలినవి దుకాణంలో వాటికోసం పెట్టిన పెట్టెలో వేసి వస్తాను.

జూలై

అన్నీ అమర్చి మొదటి ఫోటో తీశాను. ఫోన్‌లో చూపిస్తే మా ఆవిడ రెండు వేళ్ళతో పెద్దది చేసి చూసి “ఇది ఒడైబాలో తీసిందా?” అంది. టీ పొడి చూపించాక గానీ నమ్మలేదు. రెండో ఫోటో అంగుళం పక్కనుంచి తీశాను, అంతా కూలిపోయింది. రోబో మళ్ళీ ఆరు సెంటీమీటర్లు. ఈ పెట్టెకు ఒక్క చూపు గాడే ఉంది, ఇంకెక్కడి నుంచి చూసినా పనిచేయదు. అలమరలో పెడితే వచ్చినవాళ్ళు పైనుంచి చూస్తారు కాబట్టి ముందు భాగం మొత్తం అట్టతో మూసి రంధ్రం ఒక్కటే వదిలాను. ఒంటికన్నుతో చూస్తేనే దూరం మోసపోతుంది, రెండు కళ్ళూ తెరిస్తే లోతు పట్టేస్తాయి. రంధ్రం చిన్నదైతే ఆ బాధ లేదు.

వెలుతురు కిటికీ వైపు నుంచి ఒక్క దిక్కుగా రావాలి. బల్బు దగ్గరగా పెడితే ట్యాంకు నీడ ఒక వైపు, రోబో నీడ ఇంకో వైపు పడుతుంది. ఎండలో అలా జరగదు. పైకప్పు బదులు పలచటి తెల్ల కాగితం వేసి చూశాను, మబ్బు పట్టిన రోజులా వచ్చింది. అది బాగానే ఉంది, అలాగే ఉంచాను. ఆగస్టులో గది మూసి ఊరికి వెళితే ఎండ వేడికి బొమ్మ కాళ్ళు మెత్తబడి ముందుకు ఒరుగుతాయి, కాబట్టి గండామ్ నడుము వెనక సన్నటి తీగ ఆసరా కట్టాను. ముందు నుంచి కనిపించదు.

మొన్న అకిహబారాలో సరదాకి తిప్పితే గన్‌ట్యాంక్ పడింది. సగం రోబో, సగం ట్యాంకు, ఈ దృశ్యానికి ఇంతకంటే తగిన వస్తువు లేదు. అసలు ఎత్తు 15 మీటర్లు, నా చేతిలోది 4.2 సెంటీమీటర్లు, అంటే 1/357. దాన్ని 200 మీటర్ల దూరంలో చూపించాలంటే కటకానికి 56 సెంటీమీటర్ల దూరంలో, చూపు గీతకు 4.5 మిల్లీమీటర్లు కింద నిలబెట్టాలి. పెట్టె లోతు 55. వెనక గోడ ఊడదీసి కనీసం 10 సెంటీమీటర్లు పెంచాలి, ఆకాశం కాగితం మళ్ళీ వేయాలి. పెంచితే పెట్టె అలమర అంచు దాటి రైస్ కుక్కర్ చోటులోకి వస్తుంది. కుక్కర్‌ను ఎక్కడికి మార్చాలన్న విషయం మీద ఇంట్లో చర్చలు నడుస్తున్నాయి. ఈలోగా గన్‌ట్యాంక్ సబ్బు నీళ్ళలో నానుతోంది, దాని ట్రాకులకు మట్టి రంగు కలిపి సిద్ధంగా ఉంచాను.